సునీత రెండుసార్లు గెలిచింది

కొత్తగా ఉద్యోగంలో చేరిన సాంఘికశాస్త్రం టీచర్లకు నాలుగు మంచి మాటలు చెప్పమని ఈ మధ్య ఉప్పల్లో ఒక శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. అరగంట మాట్లాడమన్నారు. నమస్కారాలు అయిపోయి నేను అసలు విషయంలోకి వచ్చేసరికి, ఎవరో నాయకుడు దారిలో ఉన్నాడని చెప్పి మైకు తీసేసుకున్నారు. ఆయన వచ్చాడు. టీచర్లు లేనిదే ప్రజాస్వామ్యం లేదన్నాడు. శాలువా కప్పించుకుని, ఫొటోలు దిగి వెళ్లిపోయాడు. తర్వాత అందరం భోజనాలకు లేచాం.

అన్నం దగ్గర ఒక కొత్త టీచరమ్మ నా పక్కన కూర్చుంది. భువనగిరి వైపు పిల్ల. "మేడం, పిల్లలకు రాజకీయాల గురించి ఎంతవరకు చెప్పొచ్చు? ఎక్కువ చెప్తే ఏమన్న అయితదా?" అని మెల్లగా అడిగింది. నోట్లో ముద్ద ఉంది, తలూపి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాచారం, ఉప్పల్ చుట్టుపక్కల బళ్లలో నా ఉద్యోగమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలోనే గడిచింది.

కాబట్టి బిడ్డా, ఇది నీకు. ఇందులో నా ప్రమోషన్లు, సన్మానాలు లేవు. అసలు సన్మానాలు జరగలేదు కూడా. ఒక అమ్మాయి కథ ఉంది. నా దగ్గర చదువుకున్న సునీత రెండుసార్లు ఎన్నికల్లో గెలిచింది. గెలిచినదాన్ని గెలిచినట్టు ఆమెను కూర్చోనిచ్చారా లేదా అన్నదే నేను చెప్పబోయే సంగతి. పేర్లు మార్చాను, బడి పేరూ వార్డు పేరూ చెప్పను. తక్కినవన్నీ జరిగినట్టే రాస్తున్నాను.

పౌరశాస్త్రం ఎప్పుడూ చివరికే

ఈ ఏడాది గడిస్తే నీకే తెలుస్తుంది. జూన్‌లో పుస్తకం తెరిస్తే ముందు భూగోళం, తర్వాత చరిత్ర. ప్రభుత్వం, ఎన్నికలు, హక్కులు వచ్చేసరికి పరీక్షలు నెత్తిమీద ఉంటాయి. అప్పుడు 'ముఖ్యమైన ప్రశ్నలు' బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తాం. ఓటు హక్కుకు ఎన్నేళ్లు నిండాలో పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఎవరికి ఎందుకు వెయ్యాలో మాత్రం మనం చెప్పం. చెప్తే రాజకీయం అవుతుందట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను తరగతి నాయకుడి ఎన్నిక పెడతానంటే మా హెడ్మాస్టరు నవ్వారు. మంచివాడే ఆయన. పిల్లల్ని కొట్టేవాడు కాదు, బడికి ఆలస్యంగా వచ్చేవాడు కాదు. కానీ జీవితంలో ఎవరితోనూ గొడవ పడకూడదన్నది ఆయన వ్రతం. "అమ్మా, ఫస్టు మార్కు వచ్చినవాణ్ణి లీడర్ని చేస్తే పోలా? మనం పెట్టుకునే ఎన్నికలు చాలవా, బళ్లో కూడానా?" అన్నారు. ఎన్నికల డ్యూటీలో దోమలు కుట్టించుకుని, పప్పన్నం పొట్లం తిని, పెట్టెలు మోసి వచ్చినవాళ్లం కదా, ఆ మాటలో కొంత న్యాయం ఉంది. అయినా నేను వినలేదు. వయసు అటువంటిది.

చాలా ఏళ్లు పట్టుబట్టాక, ఒక సంవత్సరం తొమ్మిదో తరగతికి మాత్రం ఒప్పుకున్నారు. ఆ తరగతిలోనే సునీత ఉంది.

ఫ్యాన్లు ఇచ్చిన ఆయన కొడుకు

ఇద్దరు నిలబడ్డారు. ఒకడు రాజేశ్. వాళ్ల నాన్న కాంట్రాక్టరు, ఆ ఎండాకాలమే బడికి సీలింగు ఫ్యాన్లు ఇచ్చాడు. ప్రతి ఫ్యాను రెక్క మీదా ఆయన పేరు ఎర్ర రంగుతో రాయించాడు. తిరిగినంతసేపు కనపడదు, కరెంటు పోతే చాలు, తరగతి అంతా తలెత్తి ఆయన పేరే చదువుకునేది.

రెండో మనిషి సునీత. సన్నగా, నల్లగా, నూనె రాసి బిగించి వేసిన రెండు జడలు. వాళ్లమ్మ అండాలు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. తండ్రి లేడు.

ఎన్నికకు ముందు ఇద్దరినీ మాట్లాడమన్నాను. రాజేశ్ లేచి మన తరగతిని జిల్లాలో నంబర్ వన్ చేస్తానన్నాడు. చప్పట్లు. సునీత లేచి రెండు జడలూ వెనక్కి వేసుకుంది. తర్వాత, "మన ఆడపిల్లల బాత్రూముకు గడియ లేదు. ఒకలు లోపటికి పోతె ఇంకొకలు తలుపు పట్టుకోని నిలబడాలె. గందుకే మస్తుమంది పొద్దుగాల్నుంచి నీళ్లు తాగుత లేరు. నేను గెలిస్తె గడియ పెట్టిస్త" అని కూర్చుంది. మగపిల్లలు ముందు కిసుక్కున నవ్వారు. ఆడపిల్లలెవ్వరూ నవ్వలేదు, అది చూసి వాళ్లూ ఆపేశారు.

అంతకంటే మంచి ఎన్నికల ప్రసంగం నేను తర్వాత వినలేదు. ప్రజల కష్టం ఏమిటో, దానివల్ల ఏం జరుగుతోందో, తను ఏం చేస్తుందో మూడే మాటల్లో చెప్పేసింది.

రాజేశ్ ఇంటర్వెల్లో చాక్లెట్లు పంచాడు. పిల్లలు అందరూ తిన్నారు. తిని సునీతకు ఓటేశారు. సుద్దముక్కల అట్టపెట్టెకు చీలిక పెట్టి చీటీలు వేయించాను, వాళ్ల ముందే లెక్కపెట్టాను. సునీత చాలా ఎక్కువ ఓట్లతో గెలిచింది.

మర్నాడు ప్రార్థనలో హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, తొమ్మిదో తరగతి నాయకుడిగా రాజేశ్‌ను 'ఏకగ్రీవంగా' ఎన్నుకున్నట్టు ప్రకటించారు. సునీత సహాయ నాయకురాలు అన్నారు. ఓట్లు పడి, లెక్కయి, గెలుపోటములు తేలాక ఏకగ్రీవం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఊళ్లలో పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని ఎన్నికకు ముందే తేల్చేసే పద్ధతి ఒకటుంది. ఆ మాటకు ఉన్న పరువును పట్టుకొచ్చి, పాపం ఆయన, జరిగిపోయిన ఎన్నికకు తగిలించారు.

హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి అడిగాను. "అమ్మా, ఆ ఆడపిల్లకు గెలిచిన సంతోషం దక్కింది కదా. రాజేశ్ వాళ్ల నాన్న రేపు ప్రహరీగోడ కూడా కట్టిస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటావు?" అన్నారు.

"గెలిచినవాళ్ల పేరు చదవమంటాను సార్" అన్నాను.

"నీకు తెలీదమ్మా, కూర్చో" అన్నారు. కూర్చోలేదు.

తరగతికి వెళ్తే మొదటి బెంచీ పిల్ల లేచి, "టీచర్, మరి మేమెందుకు ఓట్లేసినం?" అని అడిగింది. ఉన్నమాట చెప్పాను. "మీరు సరిగ్గానే వేశారు. మన సారుకు ఫ్యాన్లాయనంటే భయం, అందుకని మార్చేశారు" అన్నాను. ఆ మాట సాయంత్రానికల్లా గదికి చేరింది. నెల తిరక్కుండా నన్ను డెప్యుటేషన్ మీద దమ్మాయిగూడ వైపు పంపారు. రోజూ రెండు షేర్ ఆటోలు మారి వెళ్లేదాన్ని. ప్రహరీగోడ మాత్రం నేను తిరిగి వచ్చేదాకా లేవలేదు, నేను పదవీ విరమణ చేసేదాకా కూడా లేవలేదు.

పిల్లలకు ఎంతవరకు చెప్పొచ్చు అని కదా నువ్వు అడిగావు. నేను అంతవరకు చెప్పాను. ఏమన్నా అవుతుందా అంటే, అయింది.

గేటు దగ్గర చదువుకున్నవాళ్లు

దమ్మాయిగూడకు వెళ్లే ముందు ఒక సాయంత్రం అండాలు నన్ను వెతుక్కుంటూ బడికి వచ్చింది. కూతురికి జరిగిన అన్యాయం మీద అడగడానికి వచ్చిందనుకుని సంతోషపడ్డాను. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ మనుషుల మీద నాకు గొప్ప భ్రమ ఉండేది. గేటు ముందు మీటింగులు, ఎర్రజెండాలు, నినాదాలు చూసి, వీళ్లు రాజకీయాన్ని జీవితంలోంచే నేర్చుకున్నారు, మనలా పుస్తకంలోంచి కాదు అనుకునేదాన్ని.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, "టీచరమ్మా, నీ కాల్మొక్కుత. మా పోరిని గీ లీడర్ గీడర్ల జేర్చకు" అంది.

"గెలిచింది కదా అండాలూ. నువ్వే అడగాలి" అన్నాను.

"నేనడిగితె ఏమైతదో నాకెరుక" అని అక్కడే గోడకు ఆనుకుని చెప్పింది. వాళ్ల ఫ్యాక్టరీలో బోనస్ గురించి సమ్మె అయింది. గేటు మీటింగులో నాయకుడు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. దించమంటే దించారు. "ఎందుకెత్తుతున్నమో మాకు దెల్వదు టీచరమ్మా. ముంగటోళ్లు ఎత్తిన్రని ఎనకటోళ్లం ఎత్తినం. ఫ్యాక్టరీకి తాళమేసిన్రు. ఎత్తినోళ్లందరం ఇంట్ల గూసున్నం, పిల్లలకు గంజి దాపిన. లీడరేమొ లోపటికి వొయ్యి మాట్లాడుకొచ్చిండు. ఇప్పుడు రామంతాపూర్ల మూడంతస్తుల ఇల్లు గట్టిండు. కలిస్తె నమస్తె గూడ పెట్టడు."

"అందరు నాయకులూ అట్లాగే ఉండరు" అన్నాను. చదువుకున్నవాళ్లం అనే మాట అది.

"ఉండకపోతె మంచిదే. మా పోరి మాత్రం వద్దు" అని వెళ్లిపోయింది.

అండాలును చిన్నబుచ్చడానికి ఇది రాయలేదు. ఆమె నేర్చుకున్న రాజకీయం ఆమె తిన్న దెబ్బ. దాన్ని కూతురికి బుద్ధి మాటగా చెప్పింది, ప్రతి తల్లీ చేసే పనే. మనం ఏడాదంతా బోర్డు మీద రాసే హక్కుల కంటే ఇంట్లో పొయ్యి దగ్గర చెప్పే ఆ ఒక్క ముక్క గట్టిది. నువ్వు తరగతిలో ఏం చెప్పినా సాయంత్రం ఇంట్లో దానికి ఎదురు పాఠం ఒకటి జరుగుతుంది, అది గుర్తుపెట్టుకో.

సునీత ఇంటర్ అవగానే పెళ్లి చేశారు. కూతురిని లీడర్లకు దూరంగా ఉంచాలనుకున్న అండాలు, ఏరి కోరి పార్టీలో తిరిగే కుర్రాడికే ఇచ్చింది. మహేందర్ అని, ఉప్పల్లో ప్లాట్లు కొని అమ్మేవాడు. "పలుకుబడి ఉన్న పిల్లగాడు టీచరమ్మా, ఎవడన్న మా మొకం దిక్కు సూడాల్నంటె భయపడ్తడు" అని పెళ్లి కార్డు ఇస్తూ మురిసిపోయింది. నేనూ వెళ్లి అక్షింతలు వేసి వచ్చాను.

పార్కు బెంచీ మేధావులు

నేను రిటైరైన కొన్నాళ్లకు మా వార్డు మహిళలకు రిజర్వు అయింది. మహేందర్ కారేసుకుని మా ఇంటికి వచ్చాడు. సునీతను నిలబెడుతున్నానని, నేను నాలుగు కాలనీలు తిరిగితే చదువుకున్నవాళ్లు వింటారని అన్నాడు. వెనక సీట్లో సునీత ఉంది. తలెత్తి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి ఒప్పుకున్నాను. పాతికేళ్ల కిందట చదవని పేరు ఇప్పుడు ప్రభుత్వమే చదువుతుంది కదా అనుకున్నాను. ఆశకు అంతుండదు.

ముందుగా రిటైర్డ్ ఉద్యోగుల కాలనీకి వెళ్లాం. పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో, రైల్వేలో, ప్రభుత్వ కంపెనీల్లో పనిచేసి వచ్చిన వాళ్లు. పొద్దున్నే పార్కులో నడక, తర్వాత బెంచీ మీద రాజకీయం. వాళ్లకు తెలియని దేశం లేదు. మూర్తిగారని ఒకాయన, కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డారు, రెండు పేపర్లు చంకలో పెట్టుకుని తిరుగుతారు. నన్ను చూడగానే లేచి బెంచీ చూపించారు.

"మీ శిష్యురాలా? చాలా సంతోషమండి. ఏం చదువుకుంది?" అన్నారు.

"ఇంటర్. వార్డు గురించి ఆమెనే అడగండి, చెప్తుంది" అన్నాను.

ఆయన అడగలేదు. మహేందర్ వైపు తిరిగి పది నిమిషాల పాటు పార్లమెంటరీ విధానం ఎక్కడ చెడిందో చెప్పారు. అదంతా నిజమే. చివర్లో నేను, "మీరు తప్పకుండా రావాలి మూర్తిగారూ, ఓటింగు రోజు" అంటే, చిన్నగా నవ్వి, "వార్డు ఎన్నికలకి ఎవరెళ్తారండీ, టీచరుగారూ. లైనులో నిలబడి వేసేంత విషయమా అది? పెద్ద ఎన్నికలకి తప్పకుండా వేస్తాం" అన్నారు.

ఇంటి ముందు మురుగు పొంగితే ఫోన్ చేసేది మాత్రం వార్డు మనిషికే. పేపరు మొత్తం చదివి, మన వీధుల వార్తలుండే జోనల్ పేజీ వదిలేసే తరం అది. నా తరం. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారే, ఆ సామెత మా కోసమే పుట్టి ఉంటుంది.

బస్తీలో వాళ్లే వచ్చి లైన్లలో నిలబడ్డారు. సునీత గెలిచింది.

కుర్చీ

గెలిచిన మొదటి వానాకాలంలో మా పాత బడి మైదానంలోకి పక్కనున్న మురుగు నాలా పొంగి నీళ్లు వచ్చాయి. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని మురుగులో నడిచి తరగతుల్లోకి వెళ్తున్నారు. ఇప్పటి టీచర్లు నన్ను సాయం అడిగితే, మన సునీతే కదా అని ధైర్యంగా బయల్దేరాను.

వాళ్ల ఇంట్లోనే కింద హాలును ఆఫీసు చేశారు. గోడకు పెద్ద ఫ్లెక్సీ, దాని మీద మహేందర్ నిలువెత్తు బొమ్మ, పక్కన బిందె సైజులో సునీత ముఖం. పేరు 'సునీత మహేందర్'. బల్ల మీద అదే పేరు చెక్కిన ఇత్తడి పలక. దాని వెనక కుర్చీలో మహేందర్ కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం. అందరూ ఆయన్ని 'కార్పొరేటర్ సాబ్' అంటున్నారు.

"రాండ్రి టీచర్, కూసోండ్రి. సునీ, టీచర్ వచ్చింది, చాయ్ పంపు" అని పైకి కేకేశాడు.

"నేను కార్పొరేటర్ కోసం వచ్చాను" అన్నాను.

నా మాటలో ఏముందో ఆయనకు అర్థమైంది. కోపం రాలేదు. నవ్వాడు. "పైన ఉంది, పోండ్రి టీచర్, మీ ఇల్లే గద" అన్నాడు.

పైన సునీత చాయ్ మరిగిస్తోంది. నేను నిలబడే అడిగాను, నీ కుర్చీలో ఆయనెందుకు కూర్చున్నాడని. చాయ్ గిన్నె దించి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, చాలా నెమ్మదిగా చెప్పింది. "మీరు ఓటెట్ల వెయ్యాల్నో నేర్పిన్రు టీచర్. గెలుసుడు గూడ నేర్పిన్రు. గెలిసినంక ఇంట్ల మొగనితోని ఏమనాల్నో ఏ పాఠంల ఉన్నది? చెప్పుండ్రి, ఇప్పుడన్న చదువుకుంట."

సిగ్గు కంటే కోపం ఎక్కువ వచ్చింది. కోపంలో చెయ్యి పట్టుకుని, "పద, కిందికి పద. నాలా గురించి నీకే చెప్తాను, ఆయనకు చెప్పను" అన్నాను. వచ్చింది. రాదనుకున్నాను కానీ వచ్చింది.

మమ్మల్ని చూసి మహేందర్ లేచాడు. పెద్దగా నవ్వుతూ, "కూసో సునీత, కూసో. టీచర్ పరీక్ష వెడ్తుందివ్వాళ" అన్నాడు. జనం కూడా నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పెళ్లిలో కొత్తకోడల్ని ఆటపట్టించినట్టు నవ్వారు. సునీత బల్ల దాకా వెళ్లింది. కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. కూర్చోలేదు.

నేను నాలా సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె వింది. ఒక్క ప్రశ్న అడిగింది, నీళ్లు ఏ వైపు నుంచి వస్తున్నాయని. జవాబు చెప్పేలోపే పక్కనున్నాయన మహేందర్‌తో, "సాబ్, గది పాత పైపు. మీరు ఇంజినీర్‌కు ఫోన్ కొడితె అయిపోతది" అన్నాడు. ఇంకొకాయన తన కరెంటు స్తంభం సంగతి ఎత్తుకున్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది, అటు ఆయన నిలబడి ఉన్నాడు, ఇటు ఆమె నిలబడి ఉంది. హాలంతా ఆయన వైపే తిరిగి మాట్లాడింది. కాసేపయ్యాక సునీత, "చాయ్ సల్లారిపోతది టీచర్" అని పైకి వెళ్లిపోయింది.

నన్ను బాగా మండించిన సంగతి ఇప్పుడు చెప్తాను. వారం తిరిగేలోపు నాలా బాగుచేశారు. మహేందర్ దగ్గరుండి చేయించాడు. బడి టీచర్లు సంతోషపడ్డారు. "పని అయింది గద మేడం, ఎవలు జేస్తె ఏంది?" అన్నారు. సాంఘికశాస్త్రం చెప్పే ఆయన కూడా ఆ మాటే అన్నాడు. దీనికి ఏం జవాబు చెప్పాలో నీకు తెలిస్తే నాకు చెప్పు బిడ్డా. నేను ఆయనతో వాదించి, బీపీ పెంచుకుని ఇంటికి వచ్చాను.

నిత్య వీడియోలు

సునీత కూతురు నిత్య పోచారం దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో చదివేది. చురుకైన పిల్ల. తల్లిదండ్రుల ప్రచారమంతా ఫోన్లో నడిపేది ఆమే. నాలా బాగుచేసిన రోజు కూడా వచ్చి వీడియో తీసింది. అందులో సునీత గొడుగు పట్టుకుని మైదానం గట్టు మీద నడుస్తుంది, పిల్లల తల నిమురుతుంది, వేలితో ఎటో చూపిస్తుంది. పాట వస్తుంటుంది. ఒక్క మాట వినపడదు.

"అమ్మ మాట్లాడింది కదా అక్కడ, అది పెట్టలేదేం?" అని అడిగాను.

"మాటలు పెడితే స్కిప్ చేస్తరు మేడం. మ్యూజిక్ ఉంటే చూస్తరు. ఇంకా మమ్మీకి మాట్లాడుడు రాదు" అంది.

తొమ్మిదో తరగతిలో వాళ్లమ్మ ఏం మాట్లాడిందో చెప్పాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని వింది. నిజంగానే ముచ్చటపడింది. వాళ్లమ్మ ఎప్పుడూ చెప్పలేదట. తర్వాత, "మస్తు స్టోరీ మేడం. అప్పటి ఫొటో ఏమన్న ఉందా?" అంది. లేదన్నాను. "అయ్యో" అని ఫోన్ చూసుకుంది.

ఫోన్లు పిల్లల్ని పాడుచేశాయని నేను రాయను. అది మా పార్కు బెంచీ మాట. నిత్యకు తెలిసినన్ని విషయాలు ఆ వయసులో నాకు తెలియవు. ఏ నాయకుడు ఎప్పుడు మాట మార్చాడో పాత వీడియో తీసి నిమిషంలో చూపిస్తుంది. కానీ తల్లి నోరు నొక్కి పాట వేస్తున్నానని ఆమెకు తోచలేదు. తోచేటట్టు మనమెవరమూ చెప్పలేదు. అమ్మమ్మ దగ్గర భయం, అమ్మ దగ్గర మౌనం, నాన్న దగ్గర తెలివి చూసి పెరిగిన పిల్ల, ఆ మూడూ కలిపి వీడియో తీసింది.

లడ్డూలు

తర్వాతి ఎన్నికకు రిజర్వేషన్ మారింది. వార్డు జనరల్ అయింది, మగవాళ్లూ నిలబడొచ్చు. మహేందర్ తనే నిలబడ్డాడు. ఇత్తడి పలక మార్చడానికి ఎక్కువ ఇబ్బంది పడలేదు, సునీత పేరు తీసేస్తే సరిపోయింది. సునీత ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి ఓట్లడిగింది. "నా భర్తను గెలిపియ్యుండ్రి" అని ఆమె అన్న ఒక్క వాక్యం మాత్రం నిత్య వీడియోలో పాట లేకుండా పెట్టింది.

మహేందర్ గెలిచాడు. బాగానే గెలిచాడు.

మర్నాడు నన్ను పిలిచారు. వెళ్లకపోతే బాగుండదని వెళ్లాను. హాలు నిండా జనం, దండలు, బ్యాండు. సునీత పట్టుచీర కట్టుకుని భర్త నోట్లో లడ్డూ పెట్టింది. వీడియోలో సరిగ్గా పడలేదని నిత్య రెండోసారి పెట్టించింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి అది నిజంగా ఆయన కుర్చీయే, నేను అనడానికి ఏమీ లేదు.

సునీత లడ్డూల పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వంగి నా చేతిలో ఒకటి పెడుతూ, బ్యాండు మోతలో నాకొక్కదానికే వినపడేటట్టు అంది.

"నేను ఆయనకెయ్యలే టీచర్."

లడ్డూ చేతిలో అట్లాగే ఉంది. ఎవరికి వేశావని అడగలేదు. అది అడగకూడదని పిల్లలకు చెప్పినదాన్ని నేనే. ఆమె ముఖంలో నవ్వు లేదు, భయం లేదు. పళ్లెం పట్టుకుని పక్కావిడ దగ్గరికి వెళ్లి, "తీసుకో అక్కా" అంది.

ఇదంతా పేపరుకు రాయాలనుకున్నాక ఆమెకు చెప్పకుండా రాయడం తప్పు అనిపించింది. ఒక మధ్యాహ్నం వెళ్లి, పేర్లు మార్చి రాస్తాను, అయినా తెలిసినవాళ్లు పోల్చుకుంటారు, ఆ చివరి మాట తీసేయమంటే తీసేస్తానని అన్నాను. కూరగాయలు తరుగుతూ వింది.

"ఉండనియ్యుండ్రి టీచర్" అంది.

"మహేందర్ చదివితే?"

"ఆయన పేపర్ల తన ఫొటో ఉన్న పేజీ ఒక్కటే సూస్తడు."

"మరి నిత్య?"

కత్తిపీట పక్కకు జరిపి, మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది.

"అది జూడదు టీచర్. గిది వీడియో గాదు గద."